గేరు పడకపోతే తప్పు స్క్రూదేనా?

మా కంగ్టి వైపు గేరు సైకిళ్ళకు ఒక చిత్రమైన జబ్బు ఉంది. అది ఎక్కువగా పంచరు వేయించిన మర్నాడే బయటపడుతుంది. నిన్నటిదాకా టక్కుమని పడ్డ గేరు ఇవాళ పడదు. ఒక్క నొక్కు నొక్కితే రెండు గేర్లు దాటి దూకుతుంది, లేదా ఎటూ పోకుండా మధ్యలో నిలబడి కరకరమంటుంది. "తాతా, గేరు ఖరాబయింది, జర చూడవా" అంటూ పిల్లలు సైకిల్ తెచ్చి అరుగుకు ఆనిస్తారు. పంచరైంది ట్యూబుకు, చెడింది గేరు. ఈ రెంటికీ ఏం చుట్టరికం అంటారా? ఉంది, దగ్గరి చుట్టరికమే. దాని దగ్గరికి వస్తాను. ఈలోపల ఒక్క పని మాత్రం చేయకండి. వెనక గేరు మీద పక్కపక్కనే కనబడే ఆ రెండు బుల్లి స్క్రూలను తిప్పకండి. అవి కంటికి కనబడతాయి, స్క్రూడ్రైవర్‌కు అందుతాయి. వాటి నేరం అంతే. శిక్ష వాటికి పడుతుంది, తప్పు ఇంకోచోట ఉంటుంది.

మాది సంగారెడ్డి జిల్లాలో ఒక మూల. 2016 అక్టోబరులో జిల్లాలు విడదీసేదాకా మెదక్ జిల్లా. పెద్ద పని పడితే ఖేడ్ పోతాం. నారాయణఖేడ్ అని పూర్తిగా రాసుండేది బస్సు బోర్డు మీదే. కర్ణాటక సరిహద్దు పక్కనే, మహారాష్ట్ర కూడా దగ్గరే, చుట్టూ తండాలు. అందుకని సైకిల్ దుకాణం ముందు కాసేపు నిలబడితే తెలుగు, కన్నడ, మరాఠీ, లంబాడీ, ఉర్దూ అన్నీ చెవిన పడతాయి. ఏ భాషలో అడిగినా చేతికొచ్చేది అదే 15 నంబరు పాన. ఒకప్పుడు ఈ దుకాణాల్లో గంటకింత అని కిరాయికిచ్చే నల్ల సైకిళ్ళు ఉండేవి. వాటికి గేరు లేదు. ముందొక పళ్ళ చక్రం, వెనకొకటి, మధ్యలో చైను. చైను బిగించడం, పుల్లలు సరిచేయడం, పంచరు వేయడం వస్తే మెకానిక్కు బతుకు గడిచిపోయేది. ఇప్పుడు బడిపిల్లలు తొక్కేవి 21 గేర్ల సైకిళ్ళు. సైకిల్ మారింది గానీ దుకాణంలో చేతులు ఇంకా ఆ నల్ల సైకిల్ అలవాటులోనే ఉన్నాయి. వాళ్ళను తప్పుపట్టను. ఎవరైనా కూర్చోబెట్టి నేర్పితే కదా!

21 గేర్లంటే ముందు మూడు పళ్ళ చక్రాలు, వెనక ఏడు. ముందు పెద్దదానికి 42 పళ్ళు, చిన్నదానికి 24, వెనక చిన్నదానికి 14, పెద్దదానికి 28 అనుకుందాం. 42ను 14తో భాగిస్తే 3. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగేసరికి వెనక చక్రం మూడు చుట్లు తిరుగుతుంది. 26 అంగుళాల టైరు ఒక చుట్టుకు 2 మీటర్ల పైచిలుకు నడుస్తుంది గనక ఒక్క చుట్టుకు 6 మీటర్లు దాటిపోతాం. అదే 24ను 28తో భాగించి చూడండి, ఒకటి కూడా రాదు. ఒక చుట్టుకు 2 మీటర్లు కూడా కదలం. కానీ కాలి మీద భారం మూడున్నర రెట్లు తగ్గుతుంది. భారం తగ్గింది గానీ పని తగ్గలేదు సుమా. మిట్ట ఎక్కడానికి కావలసిన పని ఎంతో అంతే. దాన్ని ఎక్కువ తొక్కుల మీద పంచుతున్నాం. వెనక సంచిలో పుస్తకాలు, క్యారియర్ మీద తమ్ముడు, ఎదురుగాలి ఉన్న రోజున ఈ భాగహారం విలువ కాళ్ళకు తెలుస్తుంది.

ఇంత మంచి వసతిని ఒక పెద్దమనిషి ముప్పై ఏళ్ళకు పైగా గడప దాటనివ్వలేదంటే నమ్ముతారా? టూర్ డి ఫ్రాన్స్ అనే పెద్ద సైకిల్ పోటీని 1903లో మొదలుపెట్టిన హెన్రీ దెగ్రాంజ్ ఆయన. పోటీ అంటే కండబలం చూపాలి, చైను ఒక చక్రం మీంచి ఇంకో చక్రం మీదికి దూకించే యంత్రాలు ముసలివాళ్ళకే అని ఆయన పట్టుదల. దాంతో 1937 దాకా అక్కడి వృత్తి పోటీదారులకు ఈ గేరు నిషిద్ధం. కొండ మొదలైతే సైకిల్ దిగాలి, వెనక చక్రం విప్పాలి, అటుదిటు తిప్పి బిగించాలి. చక్రానికి ఒకవైపు చిన్న పళ్ళది, ఇంకోవైపు పెద్ద పళ్ళది ఉండేది. నిషేధం ఎత్తేసిన 1937లోనే రోజర్ లాపెబీ గేరు సైకిల్ తొక్కి గెలిచాడు. అదే ఫ్రాన్స్‌లో సెంటెటియెన్ అనే ఊళ్ళో పాల్ ద వీవీ అని ఒకాయన, వెలోసియో అన్న కలంపేరుతో, అంతకు మూడు దశాబ్దాల ముందు నుంచే గేర్లు మార్చే సైకిళ్ళు తయారుచేసి, కొండలెక్కి, సొంత పత్రికలో రాసి, నెత్తీనోరూ కొట్టుకుంటూనే ఉన్నాడు. ముసలివాళ్ళకే అన్న మాటకు నాకు కోపమేం లేదు. ముసలివాళ్ళ మోకాళ్ళకు పనికొచ్చింది కుర్రవాళ్ళకు పనికిరాకుండా పోతుందా?

ఆ తర్వాత కథ వేగంగా నడిచింది. ఇటలీలో తుల్లియో కంపాన్యోలో 1950ల మొదట్లో తెచ్చిన గ్రాన్ స్పోర్ట్ గేరుతో ఇవాళ మన సైకిల్‌కు వేలాడే ఆకారం స్థిరపడింది. 1964లో జపాన్‌లో సన్‌టూర్ కంపెనీ దాన్ని కొంచెం ఏటవాలుగా పెట్టింది. పళ్ళ చక్రాలు చిన్నవి, పెద్దవిగా మెట్లు కట్టి ఉంటాయి కదా, గేరు కూడా ఆ మెట్ల వాలునే అనుసరిస్తే చైనుకు ఎప్పుడూ దగ్గరగా ఉంటుందని వాళ్ళ లెక్క. 1980ల మధ్యలో షిమానో కంపెనీ గేరు మార్చే మీటలోనే క్లిక్కులు పెట్టింది. అంతకుముందు చెవితో వింటూ, వేలితో మీటను అటూ ఇటూ జరుపుకుంటూ గేరు కుదుర్చుకోవాలి. ఇప్పుడు ఒక క్లిక్కుకు ఒక గేరు. సుఖం పెరిగింది, కానీ తేడాను ఓర్చుకునే గుణం పోయింది. పాతకాలపు మీటతో అర మిల్లీమీటరు తేడా వస్తే వేలు సర్దేసేది. క్లిక్కుకు ఆ సర్దుబాటు తెలియదు.

ఇక సైకిల్ తలకిందులు చేయకుండా, స్టాండు వేసి, వెనక కూర్చుని చూడండి. గేరు పొట్టలో నాలుగు కీళ్ళున్న చట్రం ఒకటి కనిపిస్తుంది. లెక్కల క్లాసులో సమాంతర చతుర్భుజం గీశారే, అదే. ఎదురెదురు భుజాలు ఎప్పుడూ సమాంతరంగా ఉంటాయి గనక, చట్రం ఎంత వంగినా దాని కొసన ఉన్న గిలక ముఖం తిప్పుకోదు, నిటారుగా ఉన్నది ఉన్నట్టే లోపలికీ బయటికీ జరుగుతుంది. చట్రంలో ఒక స్ప్రింగు ఉంది. అది ఎప్పుడూ గిలకను బయటికి, అంటే చిన్న చక్రం వైపు లాగుతుంటుంది. హ్యాండిల్ నుంచి వచ్చే వైరు దాన్ని లోపలికి, పెద్ద చక్రం వైపు లాగుతుంది. గేరు మార్చడమంటే స్ప్రింగుకూ వైరుకూ మధ్య జరిగే లాగుడే. గిలకలు రెండుంటాయి. పైది చైనును పక్కకు నెట్టి దారి చూపుతుంది. కిందిది చైను వదులును మింగుతుంది, ఎందుకంటే 28 పళ్ళ మీద చైను ఎక్కువ కావాలి, 14 మీద తక్కువ చాలు.

ఆ రెండు స్క్రూల సంగతి ఇప్పుడు అర్థమవుతుంది. ఒకదాని పక్క హెచ్ అని, ఒకదాని పక్క ఎల్ అని చెక్కి ఉంటుంది. గిలక బయటికి ఎంతవరకు పోవచ్చో హెచ్ చెబుతుంది, లోపలికి ఎంతవరకు పోవచ్చో ఎల్ చెబుతుంది. అవి చేనుకు రెండువైపులా ఉన్న గట్లు. చేను మధ్యలో సాళ్ళు వంకర పోతే గట్టు తవ్వి ఏం లాభం? గట్టు జరిపితే సాళ్ళు తిన్నగా కావు, పైగా ఎద్దులు పక్కవాడి చేలో పడతాయి. సైకిల్లో పక్కవాడి చేను అంటే ఒకవైపు చక్రం పుల్లలు, ఇంకోవైపు ఫ్రేము. ఎల్ స్క్రూ వదులుచేసి, మిట్ట మీద బలంగా తొక్కుతూ పెద్ద చక్రానికి గేరు మార్చారనుకోండి, గేరు మొత్తం పుల్లల్లోకి పోతుంది. పుల్లలు తెగుతాయి, గేరు మెలిపడుతుంది, మనిషి పడతాడు. అందుకే మొదట్లోనే వాటిని ముట్టవద్దన్నాను. చైను చిన్న చక్రం మీంచి బయటికో, పెద్ద చక్రం మీంచి లోపలికో పడిపోతుంటేనే, లేదా ఆ రెండు కొసలకూ చేరలేకపోతేనే ఈ స్క్రూల పని. అప్పుడు కూడా ముందు చూడాల్సినవి చూశాకే.

ఆ చూడాల్సినవాటిలో మొదటిది పంచరు.

మా తొవ్వల్లో తుమ్మముల్లుకు కొదవ లేదు. ముల్లు దిగింది, ట్యూబు పోయింది. దుకాణంలో వెనక చక్రం నట్లు విప్పారు. ఇప్పుడు మీ సైకిల్‌కు గేరు దేనికి వేలాడుతోందో చూడండి. తక్కువ ధర సైకిళ్ళలో అది ఫ్రేముకు నేరుగా ఉండదు. ఒక ఇనుప కొక్కేనికి ఉంటుంది. ఆ కొక్కేన్ని ఇరుసు పెట్టే గాడిలోనే ఒక చిన్న బోల్టుతో నిలబెడతారు, దాన్ని గట్టిగా పట్టి ఉంచేది మాత్రం ఇరుసు నట్టే. నట్టు విప్పినప్పుడు చిన్న బోల్టు వదులుగా ఉందంటే కొక్కెం కొంచెం తిరుగుతుంది. దానితో పాటే గేరూ వెనక్కో ముందుకో వాలిపోతుంది. బిగించేటప్పుడు ఎవరూ గమనించరు. రెండో పొరపాటు ఏమిటంటే, ఇరుసు గాడిలోకి పూర్తిగా దిగకుండానే నట్టు బిగించడం. కుడివైపు కొంచెం వెనక్కి, ఎడమవైపు కొంచెం ముందుకి ఉండిపోతుంది. చక్రం ఫ్రేము మధ్యలో తిరుగుతున్నట్టే ఉంటుంది, కానీ ఏడు పళ్ళ చక్రాల ముఖం వంకర తిరిగి ఉంటుంది. "అన్న గట్టిగనే బిగించిండు తాతా" అంటారు పిల్లలు. గట్టిగానే బిగించాడు, కాదనను. వంకరగా గట్టిగా బిగించాడు.

దీనికి మందు రెండు నిమిషాల పని. నట్లు రెండూ సగం వదులు చేయండి. కొక్కెం గాడి అంచుకు ఆని కూర్చుందో లేదో చూసి చిన్న బోల్టు బిగించండి. చక్రాన్ని గాడి లోపలి దాకా లాగి, వెనక నుంచి చూస్తూ, రెండువైపులా ఫ్రేముకూ టైరుకూ మధ్య ఒకే సందు ఉండేలా పట్టుకుని, కుడి నట్టు కొంచెం, ఎడమ నట్టు కొంచెం, మార్చి మార్చి బిగించండి. చాలా సైకిళ్ళ జబ్బు ఇక్కడే కుదురుతుంది. స్క్రూడ్రైవర్ అవసరమే రాదు.

ఖరీదు సైకిళ్ళలో కొక్కెం బదులు అల్యూమినియం చెవి ఒకటి ఉంటుంది. కావాలనే దాన్ని మెత్తగా చేస్తారు. సైకిల్ కుడివైపు పడితే ముందు అది వంగాలి, ఫ్రేము బతకాలి అని. మన సైడు స్టాండ్లు సైకిల్‌ను ఎడమకు వాలుస్తాయి గనక నిలబెట్టినంతసేపూ గేరుకు ప్రమాదం లేదు. ఆటో మీదికి ఎక్కించేటప్పుడు, బడి షెడ్డులో సైకిల్ మీద సైకిల్ పడేసినప్పుడు వస్తుంది తంటా. లెక్క చూడండి. చెవి మూడు డిగ్రీలు వంగితే, దానికి ఆరు సెంటీమీటర్ల కింద ఉన్న చోట మూడు మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. వెనక ఏడు చక్రాల కట్ట అయిన ఫ్రీవీల్‌లో ఒక చక్రం నుంచి పక్క చక్రానికి ఉన్న దూరమే 5 మిల్లీమీటర్లు! వైరు బిగించి ఒక గేరుకు సరిచేసినా, గిలక వాలిపోయి చైను మెలితిరిగి వస్తుంది గనక ఇంకో గేరు దగ్గర మళ్ళీ తప్పుతుంది. వెనక కూర్చుని ఒక కన్ను మూసి చూడండి. పై గిలక, కింది గిలక, వాటి పైన చైను ఉన్న పళ్ళ చక్రం, మూడూ ఒకే నిట్టనిలువు గీత మీద ఉండాలి. దీన్ని కొలిచే పరికరం ఉంది గానీ అది మన దుకాణాల్లో దొరకదు. దానికి బదులు ఒక చిట్కా ఉంది. ఆ చెవిలోని మర 10 మిల్లీమీటర్ల వెడల్పు, ఒక్కో మరకు 1 మిల్లీమీటరు ఎడం. చాలా గేరు సైకిళ్ళ వెనక ఇరుసుకూ అదే మర. గేరు విప్పేసి, అదే మర ఉన్న ఇంకో వెనక చక్రాన్ని దాని ఇరుసుతోనే ఆ చెవిలోకి తిప్పితే రెండు చక్రాలు పక్కపక్కనే నిలబడతాయి. పైనా కిందా, ముందూ వెనకా రెండు రిమ్ముల మధ్య సందు ఒకేలా ఉంటే చెవి తిన్నగా ఉన్నట్టు. లేకపోతే ఆ చక్రాన్నే పట్టుకుని మెల్లగా వంచవచ్చు. కానీ పదేపదే వద్దు, నాలుగైదుసార్లు అటూ ఇటూ వంచిన అల్యూమినియం పుటుక్కుమంటుంది. తీగను వంచి విరిచే పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు వైరు. నాకు ఇష్టమైన భాగం ఇదే, ఎందుకంటే ఇందులో అసలైన భౌతికశాస్త్రం ఉంది.

గొట్టంలో వైరు పెట్టి దూరాన ఉన్నదాన్ని లాగే ఉపాయానికి 1896లో ఎర్నెస్ట్ బౌడెన్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. గొట్టం వంపు తిరిగిన చోట వైరు లోపలి గోడను ఒరుసుకుంటుంది. ఈ ఒరిపిడి వంపు ఎంత విశాలంగా ఉందన్నదాన్ని బట్టి ఉండదు, మొత్తం ఎన్ని డిగ్రీలు తిరిగిందన్నదాన్ని బట్టి ఉంటుంది. పైగా కూడికగా పెరగదు, గుణకారంగా పెరుగుతుంది. స్తంభానికి తాడు చుట్టి పట్టుకున్నప్పుడు వాడే, గణితవేత్త ఆయిలర్ చెప్పిన లెక్కే ఇక్కడా. వెనక గేరు దగ్గర గొట్టం దాదాపు సగం చుట్టు, అంటే 180 డిగ్రీలు తిరుగుతుంది. శుభ్రంగా ఉన్న వైరుకు ఘర్షణ గుణకం 0.1 అనుకుంటే, అటువైపు కిలో బలం కావాలంటే ఇటువైపు దాదాపు 1.4 కిలోలు లాగాలి. తుప్పు పట్టి, బురద చేరి ఆ గుణకం 0.3 అయిందనుకోండి, 2.5 కిలోలు దాటుతుంది. బొటనవేలు బలమైంది గనక లాగేస్తుంది. కానీ వెనక్కి రావాల్సినప్పుడు లాగేది వేలు కాదు, స్ప్రింగు. దాని బలంలో అవతలికి చేరేది సగం కూడా ఉండదు. అందుకే పెద్ద చక్రం ఎక్కడం బాగానే ఉండి, చిన్న చక్రానికి దిగడంలో బద్ధకం కనిపిస్తే, అది స్ప్రింగు నీరసం కాదు, స్క్రూల తప్పూ కాదు, వైరు తుప్పు. అదే తారుమారై, దిగడం బాగుండి ఎక్కడమే కుదరకపోతే వైరు వదులైనట్టు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే సగం వైద్యం వచ్చినట్టే.

వైరులో ఏ నూనె వేయాలి? కుట్టుమిషను నూనె రెండు చుక్కలు. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె వేస్తారు కొందరు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. మా జిల్లాలో చలి సంగతి మీకు తెలుసు, ఇక్కడి కోహీర్ ఊరి పేరు పేపర్లో వచ్చేదే చలికాలంలో. డిసెంబరు పొద్దున బడికి పోయేటప్పుడు గేరు కదలదు, మధ్యాహ్నం ఎండలో తిరిగి వచ్చేటప్పుడు కదులుతుంది. దయ్యం పట్టిందనుకుంటారు పాపం.

ఇంకొకటి, ఇది దుకాణానికి వెళ్ళినప్పుడు మీరే గమనించాలి. బ్రేకు వైరు గొట్టం వేరు, గేరు వైరు గొట్టం వేరు. పైకి రెండూ నల్ల ప్లాస్టిక్కే. బ్రేకు గొట్టం లోపల ఇనుప పట్టీ స్ప్రింగులా చుట్టి ఉంటుంది. బలంగా లాగితే అది కొంచెం నొక్కుకుపోతుంది, బ్రేకుకు అది పెద్ద లెక్క కాదు. గేరు గొట్టంలో తీగలు పొడుగునా ఉంటాయి, నొక్కుకుపోవు. ఎందుకంత పట్టింపు అంటే, ఏడు గేర్ల షిమానో పద్ధతిలో ఒక క్లిక్కుకు వైరు దాదాపు 3 మిల్లీమీటర్లు కదిలితే గిలక 5 మిల్లీమీటర్లు జరుగుతుంది. వైరు దగ్గర పోయిన ప్రతి మిల్లీమీటరుకూ గిలక దగ్గర 1.7 మిల్లీమీటర్లు పోతాయి. గొట్టమే ఒక మిల్లీమీటరు కుంచించుకుపోతే ఇంక క్లిక్కు ఏం చేస్తుంది? తిరగేసి, గేరు గొట్టాన్ని బ్రేకుకు వేయడం మాత్రం ప్రమాదం. గట్టిగా బ్రేకు పట్టినప్పుడు ఆ పొడుగు తీగలు చీలి బయటికి తన్నుకొస్తాయి.

ఇవన్నీ చూశాక సరిచేయడం చేతి వేళ్ళ పనే. వైరు గేరులోకి దూరే చోట తిప్పడానికి వీలుగా గాట్లు పెట్టిన చిన్న డొల్ల స్క్రూ ఒకటి ఉంటుంది. దుకాణంలో అడ్జస్టరు అంటారు. చైనును వెనక అన్నిటికంటే చిన్న చక్రం మీద ఉంచి, ఒక చేత్తో పెడల్ తిప్పుతూ ఒక్క క్లిక్కు నొక్కండి. చైను రెండో చక్రం ఎక్కలేదా? వెనక నిలబడి చూస్తూ అడ్జస్టరును గడియారం ముల్లుకు ఎదురు దిక్కున తిప్పండి, అది బయటికొస్తుంది, వైరు బిగుస్తుంది. రెండో చక్రం దాటి మూడో దానికి పోయిందా? ముల్లు దిక్కున తిప్పండి, వదులవుతుంది. ఒక చుట్టుకు వైరు దాదాపు ముప్పావు మిల్లీమీటరు కదులుతుంది గనక పావు చుట్టుకు గిలక మిల్లీమీటరులో మూడో వంతు జరుగుతుంది. అందుకే పావు చుట్టే తిప్పాలి, ఆగాలి, పెడల్ తిప్పి వినాలి. చివరికి చెవికి ఒక పరీక్ష ఉంది. చైను రెండో చక్రం మీద ఉండగా, మూడో చక్రాన్ని రాసుకుని సన్నగా చిరచిరమనేదాకా బిగించండి. ఆ చప్పుడు ఆగేంతవరకే మళ్ళీ వదలండి. కుదిరిపోయింది. కొత్త వైరు వేసిన కొద్దిరోజులకు మళ్ళీ కొంచెం బిగించాల్సి వస్తుంది. వైరు సాగిందంటారు గానీ ఉక్కు తీగ అంత సాగదు, గొట్టం కొసలు వాటి గూళ్ళలో కుదురుకుంటాయి, అంతే.

నిజంగానే ఆ హెచ్, ఎల్ స్క్రూలు తిప్పాల్సి వస్తే వరస ఇది. చిన్న చక్రం మీద ఉంచి, వైరు విప్పేసి, వెనక నుంచి చూస్తూ పై గిలక ఆ చిన్న చక్రం బయటి అంచు కిందికి వచ్చేలా హెచ్ తిప్పాలి. వైరు లాగి బిగించాలి. తర్వాత పెడల్ తిప్పుతూ గేరును చేత్తోనే మెల్లగా లోపలికి నెట్టి, గిలక పెద్ద చక్రం సరిగ్గా కిందికి వచ్చి ఆగేలా ఎల్ తిప్పాలి. చేత్తో ఇంకా నెట్టినా పుల్లల వైపు పోకూడదు. చెవి దగ్గర మూడో స్క్రూ ఒకటి ఉంటుంది, బి స్క్రూ. పెద్ద చక్రం మీద ఉన్నప్పుడు పై గిలకకూ ఆ పళ్ళకూ మధ్య సందు 5, 6 మిల్లీమీటర్లు ఉండేలా చూస్తుందది. దాని జోలికి పోవాల్సిన రోజు అరుదు.

హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సోలార్ పలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ దారి తెరిచారు. అక్కడి గేర్లకు దుమ్మే శత్రువు. మాకు నల్లరేగడి. వానాకాలం పత్తి చేల మధ్య బాట మీద పోయి వస్తే చక్రం తిరగదు, గిలకలుండే గేరు పంజరం మట్టిముద్ద అవుతుంది. నల్లరేగడిలో మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమన్ను ఉంటుంది. దాని రేకుల మధ్య నీరు దూరి ఉబ్బుతుంది, పట్టుకున్నదాన్ని వదలదు. ఎండితే అదే కుంచించుకుని బీటలు వారి పెచ్చులుగా రాలుతుంది. అందుకని తడి మీద కడగడానికి తొందరపడకండి. కొంచెం ఆరనిచ్చి, వెదురు పుల్లతో గిలకల సందుల్లోంచి తీసి, పాత పళ్ళ బ్రష్షుతో దులపండి. ట్రాక్టర్లు కడిగే పంపుతో కొట్టారంటే నీరు ఫ్రీవీల్ గుండ్లలోకి పోతుంది, ఉన్న గ్రీసు బయటికొస్తుంది. చైను మరీ జిడ్డుగా ఉంటే గ్యాసునూనెలో ముంచిన గుడ్డతో తుడవండి. గేరు సైకిల్లో చైనుకు పని రెట్టింపు. నల్ల సైకిల్ చైను లంకె ఒక చుట్టు తిరిగి వచ్చేలోపు మడతపడడం, తిన్ననవడం కలిపి నాలుగుసార్లు జరుగుతుంది. గిలకలు రెండు కలిసేసరికి అది ఎనిమిది. ప్రతి మడతకూ లంకెలోని పిన్ను ఒరుసుకుంటుంది. మధ్యలో ఇసుక రేణువు ఉంటే ఆకురాయే.

నూనె గురించి ఒక తమాషా. 1999లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ ఇంజనీరు జేమ్స్ స్పైసర్ బృందం చైను ఎంత శక్తిని వృథా చేస్తుందో కొలిచింది. అనుకూలమైన పరిస్థితిలో పెడల్ దగ్గర పెట్టిన శక్తిలో 98.6 శాతం వెనక చక్రానికి చేరింది. ప్రయోగశాలలో శుభ్రంగా ఉన్న చైనుకు నూనె వేసినా వేయకున్నా పెద్ద తేడా రాలేదు. అయితే నూనె ఎందుకని అడగకండి. నూనె తుప్పును ఆపుతుంది, అరుగుదలను తగ్గిస్తుంది. లంకెకో చుక్క లోపలికి వేసి, కాసేపు తిప్పి, పైన కనబడేదంతా తుడిచేయండి. పైన మిగిలిన నూనె దుమ్మును పిలవడానికే పనికొస్తుంది. బైకుల్లోంచి తీసిన కాలిన ఆయిలు పోయడం మా దిక్కు బాగా అలవాటు. అందులో ఇంజను అరిగిన ఇనుప పొడి, మసి ఉంటాయి. వద్దు.

అరిగిన చైనును బడి స్కేలుతోనే పట్టుకోవచ్చు. చైను లంకె నిడివి అర అంగుళం, ప్రపంచమంతటా అంతే. కాబట్టి ఒక పిన్ను మధ్య నుంచి 24 లంకెలు లెక్కపెడితే కచ్చితంగా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు ఎక్కువొచ్చిందంటే చైను మార్చే వేళయింది. ఎనిమిదో వంతు దాకా పోయిందంటే చైను ఒక్కటే మారిస్తే చాలదు. సాగిన చైను ఎడానికి తగ్గట్టు ఫ్రీవీల్ పళ్ళు కూడా అరిగి ఉంటాయి, కొత్త చైను వాటి మీద కూర్చోక బలంగా తొక్కినప్పుడల్లా టక్‌టక్‌మని జారుతుంది. ఎక్కువగా వాడే రెండు మూడు చక్రాల మీదే జారి, మిగతావాటి మీద బాగుంటే నిస్సందేహంగా అదే. ఆ జారుడు చూసి మళ్ళీ స్క్రూడ్రైవర్ తీస్తారు చూడండి, అప్పుడు ఆ స్క్రూడ్రైవర్ తీసి దాచేసి, ఫ్రీవీల్ కొనడానికి డబ్బులివ్వాల్సింది తాతే.